ఆటు వేళ ముహూర్తం

హలో… ఆ, నేనేనండీ, కూర్మమ్మని. పెళ్ళికూతురు తల్లిని. … ఓలమ్మ, మెల్లగా మాటాడండి అన్నయ్యగారూ, సెవి పగిలిపోతాది. పినాంగులో మీరు అరిస్తే ఇక్కడ బాగన్ దాతుక్‌లో కాకులు లేస్తన్నాయి.

… నేదు. తాళి ఇంకా కట్టనేదు.

… ఎలగ కడతాడండీ? పెళ్ళికొడుకు ఒడ్డుకి రాందే?

… ఎక్కడున్నాడంటే… ఇదిగో, నా కళ్ళ ముందే ఉన్నాడు. ఎస్టేటు దొర ఆఫీసు కిటికీలోంచి కనబడతన్నాడు. మధ్యన బురద. కాలవ మొగలోకి వచ్చిన పడవ వచ్చినట్టే బురదలో కూకుండిపోనాది. మీ తమ్ముడి కొడుకు తాతబాబు, పంతులు, డోలు సన్నాయోళ్ళు, అందరూ అందులోనే.

… మునగనేదు! … మునగడానికి నీళ్ళుండాలి కదండీ. ఆటు. … ఆటండీ, ఆటు! సముద్రం ఎనక్కి లాగీసినాది. కాలవలో కాలు కడుక్కోడానికి కూడా నీళ్ళు నేవు.

… నేను ముందే సెప్పినాను కదా! పొద్దున్న ఆటు, మద్దినేల దాటినాక పోటు, ముహూర్తం పోటుకి పెట్టించండని. మా ఊళ్ళో ఏదైనా పోటుకే. బియ్యం పోటుకే వస్తాది. ఎండుకొబ్బరి పోటుకే పోతాది. నొప్పులొస్తన్నాయని కబురెట్టినా మంత్రసాని పోటు సూసుకునే పడవెక్కుతాది. మీరేటన్నారు? "పంచాంగం ముందా, నీ బురద ముందా" అన్నారు. ఇప్పుడు సూడండి మరి, ఏది ముందున్నాదో.

… నవ్వట్నేదండీ. … సరే, నవ్వినాను. ఏటి సెయ్యమంటారు? సన్నాయి బురదలో పడీసుకుని ఆ ముసలాయన గొట్టంలోంచి బురద ఊదుకుంటన్నాడు.

… అది కాదండీ, నాకొకటి తోసినాది. ఆ పంచాంగం విజయనగరంలో అచ్చేసినాది కదా? అక్కడికి ఇంకా పొద్దు పైకి రానేదు. ఆ లెక్కన మనకి బోలెడు టైమున్నాది. … సర్లెండి. శాస్త్రం మీకే తెలుసు. నాకు కొబ్బరి ఒలవడం తెలుసు.

… ఏటన్నారు?

… మళ్ళీ అనండి.

… ముహూర్తం దాటితే పెళ్ళి నేదా? పోటొచ్చినాక పడవ ఎనక్కి తిప్పించీమంటారా? … పోటొచ్చినాక ఎనక్కి ఎందుకండీ, ముందుకే వస్తాది కదా!

… ఓహో. ఆ కస్టమ్సాయన కూతురు. ఆ సంబంధం ఇంకా మీ మనసులో కూకునే ఉన్నాదన్నమాట. … అవును, ఆ పిల్లకి హార్మోనీ వచ్చును. మా కన్నమ్మకి రాదు. మా కన్నమ్మకి బురదలో గుల్లలేరడం వచ్చును. కొబ్బరి ధర పడిపోయి ఎస్టేటు కూలీల లైన్లు సగం కాళీ అయిపోనప్పుడు, ఆ గుల్లలమ్మే నా పొయ్యి ఎలిగించినాది. మీ హార్మోనీతో అన్నం ఉడుకుతాదేటి?

… అనకండి. … అన్నయ్యగారూ, తిట్టండి, పడతాను. తిప్పించీమని మాత్రం అనకండి.

… మీకు తెలుసు కదా. పోయినేడు తెలుక్ ఆన్సన్ ఊరి సంబంధం ఇలాగే ఆటులో సిక్కుకున్నాది. ఆ పెళ్ళికొడుకు బురద సూసినాడు, ముక్కు మూసుకున్నాడు, పోటొచ్చీసరికి పడవ తిప్పించుకుని పోనాడు. అప్పట్నుంచి నా బిడ్డని "బురద పెళ్ళికూతురు" అంటన్నారు. కొట్టుకాడ, కొబ్బరి కళ్ళంలో, మొహం మీదే అంటన్నారు. ఈ పడవ కూడా తిరిగెళ్ళిపోతే మరెవుడూ రాడు. నాకు భయంగా ఉన్నాదండీ. నోరుంది కాబట్టి మాటాడతన్నాను. పడవ బాగా కనబడతాదని దొర కుర్సీ కిటికీ కాడికి లాక్కుని కూకున్నాను.

… ఆ, దొర కుర్సీయే. దొర ఊళ్ళో నేడు. గుమస్తా పోలయ్య కూకోమన్నాడు. … కూకోమననేదు. నేనే కూకున్నాను. సూస్తన్నాడు పాపం, ఏటీ అననేక.

— ఏటయ్యా పోలయ్యా? … ఏదీ? ఎక్కడ?

ఓలమ్మో! అన్నయ్యగారూ, ఫోను పెట్టీకండి! మీవోడు దిగతన్నాడు!

… పడవ దిగతన్నాడండీ! బురదలోకి! … ఎవరూ దిగమననేదు, తనకి తనే! … బూట్లతోనే. పట్టంచు పంచి, కోటు, తలపాగా, అన్నిటితోనీ. … ఉండండి, సెప్తన్నాను. మోకాలు దాకా దిగినాడు. … తొడ దాకా. … నడుం.

… సావడండీ! అక్కడికి ఆగుతాది. … ఆగినాది. ముందుకీ రాడు, ఎనక్కీ పోడు. పెళ్ళిరాట పాతినట్టు నిలబడిపోనాడు. పంతులు పడవలోంచి గొడుగు సాపుతన్నాడు పట్టుకోమని. అది అందదు.

… ఎందుకు దిగినాడంటే ఆణ్ణే అడగండి. … బుద్ధి నేదంటారా? అనండి, మీ పిల్లాడు. నేను మాత్రం అనను. ఆ ముందోడు పడవ దిగనేదు. ఈడు దిగినాడు. నా బిడ్డ కోసం దిగినాడు. మీ పెంపకం మంచిది అన్నయ్యగారూ. మీ నోరే కొంచెం…

… ఏటీ అననేదు.

— పోలయ్యా, గట్టు దిగతన్నాదే, ఆ పసుపు చీర ఎవరిది? … సరిగ్గా సూడవయ్యా. … హరి హరీ.

… ఏటీ నేదండీ. … ఏటీ నేదన్నాను కదా. … సరే, సెప్తాను, గుండె పట్టుకోండి. పెళ్ళికూతురు కూడా దిగినాది.

… బాసికంతోనే! గుల్లలేరీ బల్లేసుకుని పోతన్నాది. … బల్లండీ, పొడుగుపాటి సెక్క. ఒక మోకాలు దాని మీద ఆన్సి రెండో కాలితో బురదని తన్నుకుంటా జారతాది. ఈ బురదలో అలాగే తిరగాల. … చీర ఎంత ఎత్తినాదో నేను సెప్పను. మీరు అడక్కూడదు కూడా.

… తాళి కట్టకముందు మొహాలు సూసుకోకూడదా? మొహాలెక్కడున్నాయండీ, అంతా బురదే కదా. ఏరే అడ్డుతెర అక్కర్నేదు.

… అందినాది! సేయి పట్టుకున్నాది! … ఎవరు ఎవరి సేయి ముందు పట్టుకున్నారో నేను సూడనేదు, మీకు కావలసినట్టు రాసుకోండి. లాగతన్నాది. … రావట్నేదు. … ఆ, వచ్చినాడు. బూటు ఉండిపోనాది. … రెండోది కూడా. ఆణ్ణి బల్ల మీద బోర్లా పడీసినాది, కొబ్బరి బస్తాని ఏసినట్టు! గట్టు మీద ఊరంతా నవ్వుతన్నాది. మలాయి జాలరోళ్ళు వలలు ఒదిలీసి మరీ నవ్వుతన్నారు.

… ఏటి? … మీ ఆఫీసు గడియారమా? … అప్పుడే? … దాటిపోతన్నాదా?

… ఆళ్ళింకా సగం దూరంలోనే ఉన్నారండీ. ఇద్దరి బరువుకి బల్ల కదలట్నేదు. … రానేరు. ఆ గడియ లోపల ఒడ్డుకి రానేరు.

… హలో?

… అన్నయ్యగారూ? ఉన్నారా? పలకండి. తిప్పించీమని మాత్రం అనకండి, మీ కాళ్ళకి దండం పెడతాను.

… ఆ?

… తాళి ఆడి మొలలోనే ఉన్నాదా? మీరే కట్టి పంపినారా? … ఉంటే?

… అక్కడా?

… బురదలోనా? మీరే అంటన్నారా ఈ మాట? … పీటలు నేవు, తలంబ్రాలు నేవు, అది శాస్త్రంలో ఉన్నాదా అని… సరే సరే! అడగను! అరవకండి!

— పోలయ్యా! ఆ కిటికీ తలుపు తోసి అరిసి సెప్పు! పెదనాన్నగారు కట్టీమన్నారని! అక్కడే! బల్ల మీదే! … గట్టిగా అరవవయ్యా, నీ గొంతేటి దొర సొమ్మా!

… ఇన్నాడండీ. తలెత్తినాడు. … మొల తడుముకుంటన్నాడు. … ఉన్నాది, దొరికినాది! తుడవడానికి సూస్తన్నాడు, సేతులూ బురదే, కోటూ బురదే. … పిల్ల తన జడ అందించినాది. జడతో తుడుస్తన్నాడు.

… పంతులు పడవలోంచే సదువుతన్నాడు. … ఏ మంత్రమో నాకేటి తెలుసు, గాలికి సగం సముద్రంలోకి పోతన్నాది. డోలు ఎత్తుకున్నారు. ఇనబడతన్నాదా? … ఉండండి, ఫోను కిటికీ కాడికి జరుపుతాను. … ఇప్పుడో? … ఆ, అదే, అదే.

… ఎయ్యనివ్వండీ, బల్ల ఊగుతన్నాది. … ఒక ముడి. … రెండు. … అయిపోనాది. అన్నయ్యగారూ, అయిపోనాది! నా బిడ్డ పెళ్ళి అయిపోనాది!

… ఏడుస్తన్నాను. ఏడవకూడదేటి? … మీరో? మీరూ ఏడుస్తన్నారా?

… తెలుసండీ. మీ దొర సెలవియ్యనేదని తెలుసు. తల్లీ తండ్రీ పోయిన గుంటణ్ణి బుజాన మోసి పెంచినారు, తీరా పెళ్ళినాటికి ఆ గోడవును ఆఫీసులో కూకున్నారు. … కస్టమ్స్ పిల్ల ఊసు కోపంలో అన్నారులెండి. నేనూ నాలుగన్నాను కదా.

… ఏటి? ఇనబడనేదు.

… అందుకా?

… అందుకా ఆ గడియ దాటకూడదని అంత గోల సేసినారు? అక్కడ మీరొక్కరూ నిలబడి, గడియారం సూసుకుని, ఆ గడియకి అక్షింతలు ఎయ్యాలని? … ముందే సెప్తే నేనిన్ని మాటలందునా?

… గుప్పిట్లోనే ఉన్నాయా, ఇంకా? … పొద్దుట్నుంచీ పట్టుకునే ఉన్నారా? సెమటకి ముద్దైపోయుంటాయి.

… ఎక్కడ ఎయ్యాలంటే… ఆ ఫోను మీదే ఎయ్యండి. … ఎవరన్నా సూస్తే సూడనియ్యండి. ఎయ్యండి అన్నయ్యగారూ.

…

పడినాయండీ. ఇనబడినాయి.

… ఎక్స్చేంజీ బాబూ, లైను కొయ్యకు, ఒక్క నిమిసం ఆగు, ఆయన గుప్పిట్లో ఇంకా ఉన్నా—