గిరిబాబు నడిచిన రాయి

"కూర్చోరా లాజరస్, టీ తాగు. పేరమ్మక్కా, వీడికి చక్కెర ఇంకాస్త వెయ్యి. తమ్ముడు ఆసుపత్రిలో ఉంటే ఎవుడికైనా నోరు చేదుగానే ఉంటాది. ఉండు, నిన్ను నవ్విస్తా."

పోర్టు గేటు ముందర పేరమ్మ టీ కొట్టు. గిరిబాబు నోరు తెరిచాడంటే మేము లారీలు కూడా మర్చిపోతాం. కస్టమ్స్ కాగితాలు రాసే ఏజెంటు దగ్గర గుమాస్తా ఆయన. ఆయన చెప్పే లెక్కన పోర్టు మొత్తం ఆయన జేబులో ఉంటుంది.

లాజరస్ మాత్రం గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పోయిన వారం వాడి తమ్ముడు హెబ్రోను నీలం రంగు కంటైనరు తలుపు తీస్తుంటే లోపలి రాళ్ళు మీద పడ్డాయి. రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. "కాగితంలో ఉండేది చిన్న ఫుట్‌పాత్ రాళ్ళు, అవెట్టా పడతాయి? తాగి తీసుంటాడు" అంటున్నాడు కూలీల కాంట్రాక్టరు. రేపే విచారణ. చుక్క ముట్టని పిల్లోడు హెబ్రోను.

"వినండబ్బా. సుంకం రాయిని బట్టి కాదు, దానికి పెట్టే పేరుని బట్టి. ఫుట్‌పాత్ మీద పరిచే రాయంటే తక్కువ, పాలిష్ పట్టిన పలకంటే బాదుడే బాదుడు. మా సేటు తెప్పించింది పలకలు! నేనేం రాసినా? ఫుట్‌పాత్ రాయని రాసినా. ఆఫీసరు నమూనా ముక్క చేతికి తీసుకుని, 'ఏమయ్యా, దీంట్లో నా మీసం కనపడతా ఉండాదే' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు డ్రైవరు వినోద్.

"చెప్పులు విడిచి ఆ జానెడు ముక్క మీదెక్కి, ఈ కొస నుంచి ఆ కొసకి నడిచినా! 'అయ్యా, నడిచినానా లేదా? నడిస్తే అది ఫుట్‌పాతే' అన్నా. ఆయన లేచి నాకు దండం పెట్టినాడు."

"జానెడు ముక్క మీద నడిచినావా!"

"నడిచినానంటే! మద్రాసు నుంచి పెద్దాఫీసరు, ఢిల్లీ నుంచి ఇంకా పెద్దాయన దిగినారు, కొలతల టేపులంట, భూతద్దాలంట, నా కాగితం చూసి ఆ రాయే భయపడి మెరుపు తగ్గించుకునింది! ఓడ సంగతి చెప్పలా? పలకల బరువుకి పక్కకి ఒరిగిపోతా ఉంటే, కాగితం మీద 'చిన్న రాళ్ళు' అని రాసినా, అంతే, లేచి నిటారుగా నిలబడింది. జువ్వలదిన్నె పడవలోళ్ళు చప్పట్లు కొట్టినారు, పోయి అడగండి!"

అందరం నవ్వాం. పేరమ్మ నవ్వలేదు. "చాల్లే గిరిబాబూ, వేరే ఏదన్నా చెప్పు" అంది, లాజరస్ వైపు చూసి.

ఆయన ఎక్కితే దిగే రకం కాదు. "అసలుది ఇంకా వినలేదక్కా! ఒక్కో పలక ఈ కొట్టు తడికంత ఉండాది. కంటైనరు పెట్టెలో నిలువుగా, ఒకదాని వెనక ఒకటి ఆనించి తెచ్చినారు. అట్టాంటి పెట్టె తలుపు క్రేను లేకుండా, తాళ్ళు కట్టకుండా తీసేదానికి ఎవుడికైనా గుండె ఉండాదా? కాగితంలో చిన్న రాళ్ళని ఉండాది కాబట్టి తీసినారు! అదీ నా కలమంటే!"

"ఏ పెట్టె అన్నా?" అన్నాడు లాజరస్.

"నీలం పెట్టె రా, పోయిన వారం..." గిరిబాబు నోరు అక్కడే ఆగిపోయింది.

లాజరస్ లేచి వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చున్నాడు. వాడు కొడతాడేమో అనుకున్నాను. వాడు బతిమాలాడు. అది చూడటం ఇంకా కష్టమైంది నాకు.

"నిలువుగా పెట్టినారని చెప్పినావే, ఆ ఒక్క ముక్క రేపు విచారణలో చెప్పన్నా. కాళ్ళు ఎట్టాగూ రావు. మా వాడు తాగలేదని తేలితే చాలు. చర్చిలో కూడా తాగుబోతని గుసగుసలాడతా ఉండారు."

గిరిబాబు మా అందరి మొహాలూ చూశాడు. నవ్వబోయాడు, రాలేదు.

"నా మాటలకేం రా, పిచ్చోడా! నావన్నీ కోతలేనని ఊరంతా తెలుసు. పలకలూ లేవు, నీలం పెట్టే లేదు. నిన్ను నవ్విద్దామని చెప్పినా."

పేరమ్మ ఆయన చేతిలో గ్లాసు తీసేసుకుంది. టీ ఇంకా సగం ఉంది.

"ఇన్నేళ్ళూ నువ్వు చెప్పినవి కోతలు, గిరిబాబూ. విన్నాం, నవ్వినాం. అబద్ధం ఈ రోజే చెప్పినావు."