రెండు చుక్కల వైరు

(రేకుల షెడ్డు. బానెట్ ఎత్తిన పాత పెట్రోలు పికప్. దాని ముందు ఇద్దరు: కన్నూ చెవీ ముసలివైనా నోరు మాత్రం ఇంకా ముసలిది కాని మేస్త్రి ఒకడు, రెండు నెలల కింద అన్నను పోగొట్టుకున్న మనిషి ఒకతె.)

“చెప్తున్నాగా అమ్మడూ, నా కళ్ళకు గంతలు కట్టి బండిని వీధి చివర నిలబెట్టు. చప్పుడు విని జబ్బు చెప్తా. నలభై ఏళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా నా చెవి తప్పింది లేదు.”

“చెప్పండి బాబాయ్.”

“ఏం చెప్పను?”

“జబ్బు. వీధి చివర నుంచి పేల్చుకుంటూనే వచ్చాగా.”

“విన్నా, విన్నా. పెట్రోల్లో నీళ్ళు దిగాయి. రెండు నెలలు కదలకుండా పడుంటే మనిషి ఒంట్లోకే నీరొస్తుంది, ట్యాంకెంత.”

“ట్యాంకు దించి కడిగించా. కొత్త పెట్రోలు.”

“ఐతే ఫిల్టరు.”

“మార్చా.”

“మార్చావా.”

“మొన్న. ఐనా మిస్సింగ్ కొడుతోంది. ముందు కార్బురేటర్లోంచి తుమ్ముతుంది, వెనక సైలెన్సర్లో పేలుతుంది. సాఫు రోడ్డు మీద ఎలాగో ఈడుస్తుంది. ఎత్తు వస్తే చచ్చిపోతుంది.”

“నాకు చెప్పడానికేం మిగిల్చావు? సరే, ఒప్పేసుకుంటా. ఎడం చెవి వినబడక ఆరేళ్ళయింది. కుడిది మీ పిన్ని మాటలకి తప్ప అన్నిటికీ పనిచేస్తుంది. చెవితో జబ్బు చెప్పేవాడు ఈ భూమ్మీద లేడు. చేత్తో పట్టి చూడాల్సిందే.”

“అన్నయ్యకి పదేళ్ళు చెప్పారు ఆ చెవి సంగతి.”

“నమ్మాడా?”

“నమ్మినట్టే ఉండేవాడు.”

“నా దగ్గర మూడేళ్ళు పనిచేశాడు. నా కోతలన్నీ వాడికి కంఠతా. కొత్త గిరాకీ వస్తే వాడే అందుకునేవాడు, ‘మా మేస్త్రి చెవి తప్పదు సార్’ అని. ...ఎక్కు. స్టార్ట్ చెయ్యి.”

“చేశా.”

“రేస్ చెయ్యకు. అలాగే ఉండనీ. ఒక్కొక్క ప్లగ్గు వైరూ పీకుతా, నువ్వు చప్పుడు విను. పనిచేసే సిలిండరు వైరు పీకితే ఇంజను సోలిపోతుంది. నిద్రపోయేదాని వైరు పీకితే ఇంజనుకి పట్టనే పట్టదు. ఉమ్మడి కాపురం లాంటిదే. ఇదిగో, ఒకటోది.”

“పడిపోబోయింది.”

“ఐతే పనిచేస్తోంది. పెట్టేశా. రెండోది.”

“తేడా లేదు.”

“మూడోది.”

“లేదు.”

“నాలుగు.”

“ఆగిపోయేట్టుంది.”

“ఆపెయ్. ఆపెయ్ అమ్మడూ. ...రెండూ మూడూ.”

“ఆపా. రెండూ మూడూ ఏమిటి?”

“ఏం లేదు. ఎదురు షెడ్డు వాడి కథ నీకెప్పుడైనా చెప్పానా?”

“బాబాయ్, రెండూ మూడూ...”

“విను. నేను చేసిన వ్యాను ఒకటి వాడు ముట్టుకున్నాడు. పెద్ద పనేం కాదు, ప్లగ్గులు కడిగి పెట్టాడు. అంతే, బండి అలిగింది. దగ్గింది, తుమ్మింది, వంగి చూడబోతే వాడి మీసం కాల్చింది. చివరికి నలుగురు తోసుకుంటూ నా దగ్గరికే తెచ్చారు. ఇలా చెయ్యి పెట్టానో లేదో, పాలు తాగిన పిల్లిలా గుర్రుమంది. దూడ తల్లిని వెతుక్కున్నట్టు నా బండి నన్ను వెతుక్కుంటూ వస్తుంది.”

“మీసం కాలిందా.”

“సగం.”

“నేను బండి బాగుచేయించుకోడానికి రాలేదు బాబాయ్.”

“షెడ్డుకి మరెందుకొస్తారే?”

“ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో మీరు చెప్పాలి. ముందు నుంచే ఉందా, నేను చెయ్యి పెట్టాక వచ్చిందా. అదొక్కటి చెప్తే వెళ్ళిపోతా.”

“నువ్వేం చెయ్యి పెట్టావు?”

“అన్నయ్య పోడానికి ముందు రోజు మధ్యాహ్నం ప్లగ్గులు విప్పి కడిగా. అన్నయ్యే నేర్పాడు. తనుంటే ఒకటి విప్పి, అది బిగించాకే ఇంకోటి. నాలుగూ ఒకేసారి పీకకే అనేవాడు. ఎందుకో చెప్పలేదు. ఆ రోజు తను పడుకున్నాడు. నేను నాలుగూ పీకేశా.”

“నాలుగూనా.”

“తొందరగా అవుతుందని. మళ్ళీ పెట్టేశా. తను లేస్తాడని స్టార్ట్ చేసి చూడలేదు. తెల్లారేసరికి గుండె పట్టుకున్నాడు. ఎక్కించుకుని బయల్దేరా. ఇంటి దగ్గర్నుంచీ కొడుతూనే ఉంది. వంతెన ఎత్తు మీద ఆగిపోయింది.”

“తెలుసు అమ్మడూ.”

“డాక్టరు పావుగంట ముందు రావాల్సింది అన్నాడు. ఎత్తు మీద నేను నిలబడింది పావుగంట. టైము చూశా.”

“కూర్చో.”

“పర్లేదు. ఏడవట్లేదు నేను. అదే చిత్రం. తింటున్నా, పడుకుంటున్నా, అడిగినవాళ్ళకి జవాబు చెప్తున్నా. అంతా ఎవరో చేస్తున్నట్టుంది. తెలిస్తే ఏదో ఒకటి వస్తుందేమో. ఏడుపో, ఇంకోటో.”

“వైర్లు ఏ లెక్కన పెట్టావు?”

“చుక్కల లెక్కన. తెల్ల పెయింటు చుక్కలున్నాయిగా వైర్ల మీద. ఒక చుక్కది ఒకటోదానికి. రెండు చుక్కలది రెండోదానికి. మూడు...”

“మూడు చుక్కలది మూడోదానికి.”

“తప్పా?”

“మంచినీళ్ళు తాగుతావా?”

“తప్పా బాబాయ్?”

“తప్పేముంది? ఎవరైనా అలాగే పెడతారు. ఇటు చూడు, ఈ నల్ల టోపీ ఉందే, నాలుగు వైర్లూ ఇందులోంచే కదా బయల్దేరేది. దీనికి పగులుంది. వెంట్రుక వాసి. నిప్పంతా అందులోంచి కారిపోతోంది. ఇది ఏడాది నాటి పగులు. నువ్వు ప్లగ్గులు కడిగినా కడక్కపోయినా ఆ ఎత్తు మీద ఆగాల్సిందే.”

“ఏదీ, నాకు కనబడదే.”

“నీకెలా కనబడుతుంది, నలభై ఏళ్ళ కన్ను ఇది. మీ అన్న సోమవారం వచ్చినప్పుడు కూడా చెప్పా. టోపీ మార్చరా అని. వచ్చే వారం అన్నాడు.”

“ఏ సోమవారం?”

“అదే, వాడు పోయిన వారం. సోమవారం. నీలం చొక్కా, వెళ్ళేటప్పుడు చేతిలో గొడుగు.”

“సోమవారం బండి నా దగ్గరుంది. ఇటుకల లోడుతో ఆ వంతెనే రెండుసార్లు ఎక్కించా. ఒక్కసారి దగ్గలేదు.”

“వాడు నడిచొచ్చాడు.”

“బండి లేకుండా నడిచొచ్చి మీకు పగులు చూపించాడా?”

“...ముసలాణ్ణి పట్టుకుని ప్లీడరులా అడుగుతావేంటే. ఎక్కు, స్టార్ట్ చెయ్యి.”

“టోపీ మార్చందే?”

“చెయ్యి ముందు.”

“...కొట్టట్లేదు.”

“కొట్టదు.”

“రేస్ చేసినా కొట్టట్లేదు. టోపీ పాతదే.”

“ఊఁ.”

“రెండు వైర్లు మార్చారు. బానెట్ సందులోంచి కనబడింది. రెండు చుక్కలది తీసి మూడోదానికి. మూడు చుక్కలది రెండోదానికి.”

“నీ కళ్ళు బాగున్నాయి.”

“ఐతే నేనే. నేను పెట్టిందే తప్పు.”

“ఇంజను ఆపి దిగు.”

“నేనే ఆపా బండిని.”

“దిగి ఇటు రా. ఇటు కాదు, కుడి చెవి పక్కకి. నేను చెప్పేది నాక్కూడా వినబడాలి.”

“చెప్పండి.”

“ఎదురు షెడ్డు వాడి దగ్గర్నుంచి వ్యాను అంత ప్రేమగా ఎందుకు తిరిగొచ్చిందనుకున్నావు? నా చేతి మీదుగా వెళ్ళే ప్రతి బండికీ చుక్కలు నేనే పెడతా. రెండూ మూడూ తారుమారు చేసి పెడతా. తాళం అనుకో. బయటివాడు విప్పి, చుక్కలు చూసుకుని బిగించాడా, బండి దగ్గుతుంది. ఇక నా దగ్గరికి రాక చస్తారా. ఇరవై ఏళ్ళుగా ఇది తలచుకుని నవ్వుకుంటున్నా.”

“ఈ బండి చుక్కలూ మీవేనా?”

“నావే. నువ్వు సరిగ్గానే చదివావు. రాసింది తప్పు.”

“అన్నయ్యకి తెలుసా?”

“తెలుసు. అందుకేగా నాలుగూ పీకొద్దన్నాడు.”

“ఎందుకో చెప్పొచ్చుగా నాకు.”

“షెడ్డు గుట్టు బయట పెట్టనని వాడి చేత ఒట్టేయించుకున్నా, పనిలో చేరిన రోజు. నువ్వు నేర్చుకుంటున్నావని వాడికి బెంగ పట్టుకుంది. ‘బాబాయ్, మా బండి ఒక్కదానికి చుక్కలు సరిచెయ్యి, లేదా చెల్లికి చెప్పనియ్యి’ అన్నాడు. నవ్వా. తాళం తీసి చేతిలో పెట్టమంటావేరా, చూద్దాంలే పో అన్నా. వాన మొదలైతే నా గొడుగే ఇచ్చి పంపా.”

“ఎప్పుడు?”

“చెప్పాగా. సోమవారం.”

“...ఆ గొడుగు మా గుమ్మంలోనే ఉంది. ఎవరిదో తెలీలేదు.”

“పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది.”

“ఉంది.”

“ఊఁ.”

“మీరు ఎన్ని చెప్తారు బాబాయ్. ఇందాక ఒకటి, ఇప్పుడొకటి. నన్ను ఊరుకోబెట్టడానికి కట్టింది ఏది? ఇందులో కల్పించింది ఏది?”

“ఎదురు షెడ్డు వాడి మీసం కాలలేదు. టోపీకి పగులు లేదు. కల్పించినవి ఆ రెండే అమ్మడూ, మిగతాదంతా నేను చేసిందే.”