గుండెదాకా పాకిన గనేరియా

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం మీద లారీ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. గుండె స్కానింగ్ కాగితం పట్టుకుని వాళ్ల అక్క లోపలికి వచ్చింది.

"ఏమన్నారక్కా? గుండె కొయ్యాలా?"

"అక్కర్లేదురా. నాలుగు వారాల ఇంజెక్షన్లకి కవాటం మీద పట్టిన ఇన్ఫెక్షన్ మొత్తం పోయిందట. రేపు ఇంటికి పంపిస్తారు."

"హమ్మయ్య! ఇప్పుడు ఊపిరాడింది."

"ఒరేయ్, ఆ గనేరియా అంటుకున్నప్పుడే డాక్టరుకి చూపించుకుంటే ఇంతదాకా వచ్చేదా?"

"సిగ్గేసిందక్కా. మంట దానంతటదే తగ్గింది, పీడ వదిలిందనుకున్నా. తర్వాత జ్వరం, కీళ్లనొప్పులు, ఆయాసం. అది గుండెకెక్కుతుందని కలలోనైనా అనుకున్నానా?"

"ఎక్కడో ఒకరికి అలా అవుతుందట. ఆ ఒక్కడివీ నువ్వే అయ్యావు."

"మరి మీ మరదలు? నేను నిజం చెప్పి పరీక్ష చేయించుకోమన్న రోజే వెళ్లిపోయింది. మళ్లీ మన గడప తొక్కలేదు."

"చేయించుకుంది. తనకేం అంటుకోలేదు."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"అది చాలక్కా. ఇక నా ముఖం చూడకపోయినా నాకు బాధ లేదు."

"కింద మందుల షాపులో ఉంది. నీ మందులే కొంటోంది."

"వచ్చిందా! నాతో మాట్లాడుతుందంటావా?"

"ఏమో. బస్సులో దారి పొడవునా నిన్ను ఏమేం తిట్టాలో నాకు వినిపిస్తూనే వచ్చింది."

"అయితే మాట్లాడుతుంది," అన్నాడు అతను, కళ్లు తుడుచుకుని చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుంటూ.