నూనె పడిన గాజుబుడ్డి

నువ్వు మాట్లాడొద్దు, దానం. ముందు ఊపిరి తీసుకో. మీ అక్క అడిగినదానికి తల ఊపు, చాలు. చెలమకాడికి పొయ్యి నేను మంచినీళ్ళు తెచ్చేలోపల నువ్వు మందు పీల్చే బుడ్డిలో నూనె పోసిందెవరు? రెబెక్కమ్మత్తేనా? ఆమేలే. వాకిట్లోకి వస్తానే వాసనొచ్చింది నాకు.

నొసట రాస్తే నేనేమన్నా అంటానా? రొమ్ముకు రాసినా, వీపుకు రాసినా సంతోషమే. రోగికి నూనె రాసి ప్రార్థన చెయ్యమని వాక్యంలో ఉండాది, నేను కాదనను. మందు పొయ్యే దోవలోనే పోస్తే దేవుడు ఇంకా తొందరగా లోపలికి పోతాడని ఆమెకు ఎవరు చెప్పినారు?

పోనీ, ఆమెకు తెలీదు. మనిషి మంచిది. నువ్వు బడిపంతులివి గదరా. వద్దత్తా అని చెయ్యి అడ్డం పెట్టలేకపోయినావా? ఎంత రొప్పుతా ఉన్నా చెయ్యి లేస్తుంది గదా.

ఇట్టా చూడు. ఈ లోపలి గొట్టం చీపురుపుల్లకన్నా సన్నం. దాని కొసన ఉండే బెజ్జం కంటికి ఆనదు. దీంట్లో కూర్చున్న నూనెను నేను దేంతో తియ్యాల? సూది పెడితే గాజు విరిగిపోతుంది. బూడిదేసి తోమడానికి ఇదేమన్నా ఇత్తడి చెంబా?

నయాపైసలొచ్చిన ఏడు గదా డాక్టరు దొరసాని దీన్ని నా చేతిలో పెట్టింది. ఈ రబ్బరు బుడగ నొక్కితే మందు మంచు మాదిరి లేస్తుంది, మీ తమ్ముడు దాన్ని పీల్చుకుంటే పిల్లికూతలు తగ్గుతాయి అనింది. వాడినాక ప్రతిసారీ కడగమనింది. మీ బావినీళ్ళు వద్దు, ఆరితే ఉప్పు తేలి బెజ్జం మూసుకుంటుంది అనింది. ఆనాటినుంచి ఇసకలో చెలమ తవ్వుకోని, ఆ నీళ్ళు వడగట్టి, కాచి, చల్లార్చి కడగతా ఉండాను. దీనికి కుండ వేరే, గుడ్డ వేరే. ఎలిశబెతు గాజుబొమ్మకు లాలపోస్తా ఉందని వీధిలో ఆడోళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

కుంకుడు రసం పోసి ఊపినా. కొంచెం కదిలింది. ఇంకోసారి వేణ్ణీళ్ళు పోస్తా, ఓర్చుకో నాయనా. ఉబ్బసం వచ్చిన మనిషికి ఓర్చుకో అని చెప్పడం తేలికే, నాకు తెలుసు.

ఉండు, నొక్కి చూస్తా. ఆఁ, వస్తా ఉంది. సన్నంగానే, అయినా వస్తా ఉంది. దేవునికి స్తోత్రం.

ఇంక మందు పోస్తా, ఈ బుడ్డి పట్టుకో. రోజూ నువ్వే పోసుకుంటావు, సీసా నన్ను తాకనియ్యవు. ఇవాళ నీకు పెట్టెదాకా పొయ్యే ఓపిక లేదు గదా. పెట్టెలో నల్లగుడ్డ చుట్టి పెట్టినావే, అదేనా? వద్దంటావేంది, ఉండు.

ఏందిరా ఇది.

నీళ్ళ మాదిరి తెల్లంగా ఉండే మందు గదా. టీ డికాక్షను మాదిరి అయిపోయిందే. రంగు తిరిగితే పారబొయ్యండి, అది ఇంక మందు కాదని దొరసాని మనిద్దరికీ చెప్పింది. ఇది నిన్నో మొన్నో తిరిగిన రంగు కాదు. సగం సీసా అట్టనే ఉండాది, బిరడా చుట్టూ దుమ్ము కట్టి ఉండాది.

మరి రోజూ ఏం పోసుకుంటా ఉండావు? నేను కడగడానికి కాచిపెట్టిన చెలమనీళ్ళా?

మొఖం అటు తిప్పుకోవాక. ఎప్పటినుంచి? దొరసాని వాళ్ళ దేశం పోయినప్పటినుంచా? కొత్త సీసా గూడూరులో దొరికిందని చెప్పినావే. గూడూరులో లేదా. నెల్లూరులో?

అక్కడా లేదా.

అందుకనే రెబెక్కమ్మత్త నూనె పోస్తా ఉంటే ఊరికే చూస్తా కూర్చున్నావు. ఉత్త నీళ్ళలో నూనె పడితే ఏం, పడకపోతే ఏం.

మరి ఎందుకురా ఇన్నాళ్ళూ ఆ బుడగ నొక్కుతా కూర్చున్నావు? ఆ నీళ్ళు పీలిస్తే దగ్గు ఇంకా ఎక్కువయ్యేది గదా నీకు. తగ్గిందా అని నేను అడిగితే, తగ్గిందక్కా అనేవాడివే.

నావైపు చూపిస్తావేంది. నా కోసమా?

అవున్లే. పొద్దున లేస్తానే చెలమకు పోవాల, కాయాల, కడగాల, గుడ్డ మీద బోర్లించాల. అది లేకపోతే ఈ ఇంట్లో నీ రొప్పు వింటా కూర్చోడం తప్ప నాకు ఇంకో పని లేదని కనిపెట్టినావు. నేనే నిన్ను సాకతా ఉండానని అందరికీ చెప్పుకుంటి. నీ మీద కోపం రావాల గదా, అది కూడా రాకుండా ఉండాది. భయంగా ఉందిరా నాకు.

ఇంకెక్కడా దొరకదా? మద్రాసులో? సరే, సరే. తల ఊపొద్దులే, అర్థమైంది.

వెనక్కి ఆనుకో. ఈ దిండు ఇట్టా పెట్టుకో. రేపు రెబెక్కమ్మత్త మళ్ళీ వస్తుంది, నూనె పనిచేసిందా అని అడుగుతుంది. చేసిందని చెప్తాలే.

ఆ బుడ్డి ఇట్టా ఇయ్యి. ఇంకా జిడ్డు పోలా, కడగతా.