కేసులో లేని మనిషి

అంత అంచున కూర్చోకమ్మా, పడతావు. పడితే మళ్ళీ ఇంకో ఇన్సూరెన్సు కంపెనీ, ఇంకో కేసు. ఈ బెంచీ కోర్టుది, నా పుట్టింటివాళ్ళు చేయించింది కాదు. కాస్త లోపలికి జరుగు. జరగవా? సరే, నీ ఇష్టం.

ఇంకో మాట. నన్ను ‘అక్కా’ అనకు. పొద్దున గుమ్మంలో అన్నావే, అది నీ లాయరు నేర్పాడా, నీకే తోచిందా? నువ్వు అక్కా అంటే నేను చెల్లీ అనాలి. ఆ వరస కుదిరితే లోకం మనిద్దర్నీ ఏమంటుందో తెలుసుగా. ఆయన బతికున్నన్నాళ్ళూ తప్పించుకున్న మాట, పోయాక నెత్తిన పెట్టుకోమంటావా?

ఏడవకు. నిన్నెవరూ ఏమీ అనలేదు. జడ్జిగారు నీతో ఎంత మర్యాదగా మాట్లాడారు. ‘మీ బాధ అర్థమైందమ్మా’ అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన ముందు నిలబడ్డాను కదా, నాతో ఒక్కసారన్నారా ఆ మాట? నా కాగితాలు అర్థమయ్యాయన్నారు. అంతే.

ఏంటి, ఓడిపోయానా అని అడుగుతున్నావా? అదేనమ్మా విచిత్రం. నువ్వు ఓడిపోలేదు. ఓడిపోవాలంటే ముందు కేసులో ఉండాలి.

నీ లాయరు ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయాడు కాబట్టి నేను చెప్తాను విను. వాయిదాలకి తిరిగీ తిరిగీ సగం లాయర్నయ్యాను. ఈ కేసు ఎవరి మధ్య? నాకూ, ఆ బిల్డింగుకి ఇన్సూరెన్సు చేసిన కంపెనీకీ మధ్య. లిఫ్టు బాగు చేయడానికి వెళ్ళిన మెకానిక్కు లిఫ్టు గుంతలో పడ్డాడు. లిఫ్టు పైనెక్కడో ఉంటే కింద తలుపు తెరుచుకోకూడదు. తెరుచుకుంది. అడుగేశాడు. కంపెనీవాళ్ళు మొదట ఏమన్నారో తెలుసా? తాగి పడ్డాడన్నారు. ఆయనకి లేని అవలక్షణం అదొక్కటే, వెతికి వెతికి దాన్నే అంటగట్టారు.

దాన్ని కాదనిపించడానికి నాకు ఏడాది పట్టింది. చివరికి రాజీకొచ్చారు. ఇంత ఇస్తామన్నారు, నేను సరే అన్నాను, తెచ్చి కోర్టులో కట్టారు. ఇక నేను సంతకం పెట్టి తీసుకోవడమే. అప్పుడు దిగావు నువ్వు, చేతిలో పిటిషను, పక్కన నల్లకోటు.

నేను బస్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేస్తాను. తెలుసా నీకు? చెప్పే ఉంటాడులే. లైను వదిలేసి పక్కనుంచి చెయ్యి దూర్చేవాళ్ళని రోజూ చూస్తాను. కొందరు నిజంగానే తొందరలో ఉంటారు, తల్లికి బాగోలేదంటారు, అది నిజమే అయ్యుంటుంది కూడా. అయినా ‘లైన్లో రండి’ అంటాను. నోటికి అలవాటైపోయింది. పొద్దున కోర్టు హాల్లో నిన్ను చూడగానే ఆ మాటే నోటిదాకా వచ్చి ఆగింది.

నీ లాయరు మాత్రం బాగా మాట్లాడాడు, కాదనను. డబ్బు కోర్టు చేతిలో ఉంది కాబట్టి అది ఎవరికి చెందాలో ఈ కోర్టే తేల్చాలన్నాడు. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఈవిడే చూసిందీ, ఖర్చంతా ఈవిడే పెట్టిందీ అన్నాడు. దానికి మా లాయరు లేచి, కోర్టు చేతిలో డబ్బుందని దారినపోయే దానయ్యలందరూ వచ్చి చెయ్యి చాస్తే ఎలా అన్నాడు. నిన్ను దానయ్య అన్నందుకు నేను నవ్వలేదు. నువ్వు నా వైపు చూశావు, నేను చూళ్ళేదనుకున్నావేమో. కంపెనీ లాయరైతే బల్ల కింద ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. కట్టాల్సింది కట్టేశాక ఎవరు తింటే వాళ్ళకేం?

పాపం జడ్జిగారిది కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. “నా ముందున్న తగాదా ఈ ఇద్దరిది. అది రాజీతో తీరిపోయింది. మీరు ఈ కేసులో పార్టీ కాదు. ఈ డబ్బులో మీకు హక్కుందో లేదో తేల్చే అధికారం ఈ కోర్టుకి లేదు. విడిగా దావా వేసుకోండి” అన్నారు. హక్కు లేదని అనలేదు, గమనించావా? ఉందనీ అనలేదు. చెప్పాల్సిన చోటు ఇది కాదన్నారు. అదీ సంగతి. ఒక తలుపు మూసి, ఇంకో తలుపు ఎక్కడో ఉంటుంది వెతుక్కోమన్నారు.

వెతుక్కుంటావా? నీ లాయరు ఫీజు ఎంతో నేనడగను. ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

నాకు జాలి లేదనుకుంటున్నావు కదూ. జాలి సంగతి తర్వాత, ముందు నా సంగతి విను. ఎనిమిదేళ్ళ కింద పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని, సాయంత్రం వస్తానని వెళ్ళాడు. సాయంత్రం రోజూ వస్తూనే ఉంది, ఆయనే రాలేదు. మొదట ఏదో ఊళ్ళో పెద్ద పని దొరికిందన్నాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఆ తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెప్పారు, కర్టెన్లు కుట్టే ఆవిడ ఇంట్లో ఉంటున్నాడని. బానే ఉంది, అనుకున్నాను. మా ఇంట్లో కిటికీకి కర్టెన్లు కూడా లేవు.

వెళ్తూ వెళ్తూ నాకో ఆస్తి వదిలిపెట్టి వెళ్ళాడు. వాళ్ళమ్మ. పిల్లాజెల్లా లేని ఇంట్లో ఉన్నదల్లా ఆవిడా, ఆవిడ గొంతూ. టీవీ పెడితే వీధి మలుపుదాకా వినపడాలి. కూర నోట్లో పెట్టుకోకముందే ఉప్పు తక్కువంటుంది. పక్కింటావిడతో కోడలు కడుపునిండా పెట్టదని చెప్పి, మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా నాకు ఫోను చేసి వచ్చేటప్పుడు మెత్తని బిస్కట్లు తెమ్మంటుంది. కొడుకు పోయిన కబురు చెప్పినప్పుడు గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు లేవలేదు. మూడో రోజు లేచి, ‘నువ్వు వెళ్ళిపోతావా’ అని అడిగింది. నేను వెళ్ళేదాన్నే అయితే ఎప్పుడో వెళ్ళేదాన్ని కదా అత్తయ్యా అన్నాను. దానికి కూర్చుని ఏడ్చింది. మళ్ళీ సాయంత్రానికి ఉప్పు తక్కువైంది.

ఆవిడ మీద మాత్రం ఎవరూ పిటిషను వేయలేదమ్మా. నువ్వు ఇప్పుడు వేసినా సరే, ఆ కేసులో నేను మొదటి వాయిదాకే రాజీకి వస్తాను.

నవ్వావు. పర్లేదు, నవ్వు.

నీకు గుర్తుందా, మనం మొదటిసారి ఎక్కడ కలిశామో? కోర్టులో కాదు. ఆస్పత్రిలో. ఆయన పడ్డాడని ఎవరో చెబితే కౌంటర్లో చిల్లర అలాగే వదిలేసి పరిగెత్తాను. వార్డు గుమ్మంలో నర్సు ఆపింది. ‘ఎవరు మీరు’ అంది. భార్యనన్నాను. ఆవిడ లోపలికి చూసి, మళ్ళీ నన్ను చూసి, ‘మరి ఆవిడెవరు’ అంది. నువ్వు మంచం పక్కన వంగి ఆయన మూతి తుడుస్తున్నావు. ఆ వంగడం చూస్తేనే తెలిసిపోతుంది, కొత్తగా వచ్చిన మనిషి అలా వంగదు. మంచానికి ఒక్క పాసే ఇస్తామన్నారు. అది నీ పేరున ఉంది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. నువ్వు మంచినీళ్ళు తెచ్చిచ్చావు, నేను తాగలేదు. తర్వాత రెండుసార్లు వచ్చాను, అదే కుర్చీ. నా తరఫున వాదించడానికి అక్కడ లాయరు కూడా లేడు. ఇక రావడం మానేశాను.

కాబట్టి ఇవాళ జడ్జిగారు నువ్వు పార్టీ కాదన్నప్పుడు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. దాచడమెందుకు? ఒక్క క్షణమే. నువ్వు చెంగుతో మూతి తుడుచుకుని, ‘అలాగేనండి’ అన్నావు చూడు, ఆ హాయి కాస్తా పోయింది. కనీసం అరవచ్చు కదా. అరిస్తే నాకు తేలిగ్గా ఉండేది.

సరే, ఇప్పుడు అసలు మాట. ఆస్పత్రికి నువ్వు కట్టింది నేనిస్తాను. ఎంతో నువ్వే చెప్పు, రసీదులు చూపించక్కర్లేదు. మూడు కుట్టు మిషన్లలో రెండు అమ్మేశావని నీ లాయరు చదువుతుంటే విన్నాను. ఆ మిషన్ల ఖరీదు కూడా కలుపు. మా లాయరుకి మాత్రం చెప్పకు, ఒక్క పైసా ఇచ్చినా నీ హక్కు ఒప్పుకున్నట్టేనట. హక్కూ గిక్కూ నాకు తెలియదు. నేను కట్టుకున్నవాడి మందులకి ఇంకొకావిడ మిషన్లు అమ్ముకుందంటే నాకు అన్నం దిగదు. అంతే. దీన్ని దయ అని ఎవరి దగ్గరా చెప్పకు, నా పరువు పోతుంది.

మిగతాది నాది. అందులో వాటా అడక్కు. ఇల్లు అద్దెది. మా అత్తయ్యకి రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించాలి. చేయిస్తే నా వంటలో రాళ్ళు ఇంకా బాగా కనపడతాయి, అయినా చేయించక తప్పుతుందా?

వద్దని తల ఊపకు. బిడియపడే రోజులు కావు నీవీ, నావీ.

ఇక ఒక్కటడుగుతాను. ఇది కోర్టులో అడుగుదామంటే మా లాయరు అడగనివ్వలేదు, కేసుకి సంబంధం లేదన్నాడు. ఆ నాలుగు నెలల్లో ఆయన ఎప్పుడైనా నన్ను తలుచుకున్నాడా? అబద్ధం చెప్పకు. చెప్పినా అతికేలా చెప్పు.

ఏంటి? గట్టిగా అను. ఈ ఫ్యాను చప్పుడులో ఒక్క ముక్క వినపడి చావదు.

నా పేరా?

జ్వరం వచ్చినప్పుడా? మందు మత్తులోనా? నిన్నా? నిన్ను, నా పేరు పెట్టి పిలిచేవాడా?

తల్లీ, ఆయనకి నా పేరు తెలుసన్న సంగతే నాకు తెలియదు. కాపురం చేసినన్నాళ్ళూ ‘ఇదిగో’, ‘ఏయ్’, ‘ఎక్కడ చచ్చావ్’. నలుగురిలో ఉంటే ‘మా ఆవిడ’. జ్వరమొచ్చి మూలుగుతున్నా ‘ఇదిగో, నీళ్ళు’. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఒక్కసారి కూడా.

మరి నువ్వేం చేసేదానివి? నేను కాదు, నేను ఫలానా అని చెప్పేదానివా?

పలికేదానివా.

‘ఆఁ’ అంటే సర్దుకుని పడుకునేవాడా. అనకపోతే మళ్ళీ మళ్ళీ పిలిచేవాడా.

ఉండు. ఉండమ్మా, ఒక్క నిమిషం ఏమీ చెప్పకు.

నువ్వు మంచిపనే చేశావులే. ఎవరో ఒకరు పలకాలి కదా. నేను బయట కుర్చీలో ఉన్నప్పుడు కూడా పిలిచాడా? వద్దు, అది చెప్పకు. జన్మకోసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే, ఆ పిలుపు కూడా నీకే చేరింది. దానికి ఏ కోర్టుకి పొమ్మంటావు నన్ను? ఏ జడ్జి తీసుకుంటాడు ఆ దావా?

ఎలా పిలిచేవాడు? కసిరినట్టా, మామూలుగానా? నోరు తెరవకు, నువ్వు అని చూపించకు. అంత అవసరం లేదు నాకు.

అదిగో, కాపీలిచ్చే గుమాస్తా కేకేస్తున్నాడు. నన్నే. విన్నావా ఎలా పిలుస్తున్నాడో? ముక్కూ మొహం తెలియని మనిషి. ఎంత తేలిగ్గా వచ్చేస్తోందో చూడు, వాడి నోట్లోంచి నా పేరు.