పేషెంటు కుర్చీ

(రేపు జూనియర్ డాక్టరుకి మానసిక వైద్యంలో పరీక్ష. వార్డు పక్క గదిలో పెద్ద డాక్టరమ్మ పేషెంటు కుర్చీలో కూర్చుని అతని చేత ప్రాక్టీసు చేయిస్తోంది.)

“మళ్లీ కాగితంలోకి చూస్తున్నావ్. పేషెంటు కాగితంలో ఉన్నాడా?”

“లేదు మేడమ్. ప్రశ్నలు మర్చిపోతానేమోనని...”

“పోయినసారి అందుకే కదా తప్పావ్. వినడం రావాలి. మొహం చూడడం రావాలి. ఎదుటివాళ్లు ఆగితే నువ్వూ ఆగాలి. మిగతావి పుస్తకంలో దొరుకుతాయి. ఇంకో పేషెంటుని చేద్దాం.”

“కార్డు తీస్తానుండండి. మీరు చెప్పాల్సిన పేషెంటు కథ రాసినవి ఇంకా నాలుగున్నాయి.”

“ఊఁ, మొదలెట్టు, మొదలెట్టు. టైమవుతోంది.”

“అది కాదు మేడమ్, కార్డు...”

“మొదలెట్టవయ్యా!”

“నిద్ర పడుతోందాండీ?”

“పడుతుంది. లేస్తాను. స్నానం చేశానో లేదో తువ్వాలు తడిసిందా అని చూసి తెలుసుకుంటాను.”

“తిండి?”

“తింటాను. ఉప్పు తక్కువైందని పక్కవాళ్లంటే తెలుస్తుంది.”

“పనికి వెళ్తున్నారా?”

“రోజూ. ఎదుటివాళ్లు ఏడుస్తారు. టిష్యూ అందిస్తాను.”

“ఏం పనండీ మీది?”

“ఏదో ఒకటి రాసుకో.”

“ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నాన్న. ఉండేవారు. పోయారని ఫోనొస్తే సరేనన్నాను. బయట కూర్చున్న తర్వాతి నంబరుని పిలవమన్నాను.”

“...”

“ఏంటలా ఆగావ్?”

“ఆగమన్నారు కదా మేడమ్.”

“అన్నానా? సరే, ఆగు.”

“ఏడ్చారా?”

“అప్పుడు టైం లేదు. ఇప్పుడుంది, రావట్లేదు. బాధా లేదు. అసలేమీ లేదు. తర్వాతి ప్రశ్న?”

“ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?”

“ఎవరికి చెప్పను? అందరూ నాకే చెప్పుకుంటారు.”

“మరి మీకెప్పుడైనా... అంటే, ఒక్కోసారి ఏమన్నా...”

“నసగకు. దీని దగ్గరే బోల్తా కొట్టావ్ పోయినసారి. సూటిగా అడగాలి.”

“చచ్చిపోవాలనిపిస్తోందా?”

“ఆఁ. అలా అడగాలి.”

“జవాబు చెప్పలేదండీ మీరు.”

“లేదు. లేదులే. బతకాలని కూడా ప్రత్యేకంగా ఏమీ లేదు. అంతే. బాగా చేశావయ్యా, పాసైపోతావ్. ఒక్కసారీ కాగితం చూడలేదు.”

“మేడమ్...”

“ఏదీ, కార్డులో ఉన్నవన్నీ చెప్పానా? ఏమన్నా వదిలేశానా?”

“కార్డు నా చేతిలోనే ఉంది మేడమ్. మీకివ్వనే లేదు.”