మీ తాతయ్య గూడబాతుల వెంట తిరిగిన ఏడాది

— అమ్మమ్మా, తాతయ్య పిట్టల ఫొటోలు మొదలెట్టిన ఏడాది సంగతి చెప్పవా? మొదటి నుంచీ చెప్పు. రికార్డు చేస్తున్నాను.

మొదటి నుంచీ అంటే ఎక్కణ్ణుంచే? ఆ ఫోను కాస్త ఇటు జరుపు, లేకపోతే ఫ్యాను చప్పుడే రికార్డవుతుంది. ఆఁ. ఆయన ఇంట్లో లేనప్పుడు అడిగావు, మంచి పని చేశావు. ఉంటే నన్ను ఒక్క ముక్క చెప్పనివ్వరు, "అది మార్చి కాదోయ్, ఫిబ్రవరి" అంటూ అడ్డొస్తారు. పొద్దున్నే అత్తిలి వెళ్ళారు. అక్కడేదో బళ్ళో పిల్లలకి పిట్టల గురించి చెప్పాలంట. డెబ్బై రెండేళ్ళొచ్చాయి, చూడు మరి.

మీ తాతయ్యకి ఇక్కడే, తాడేపల్లిగూడెంలోనే ఫొటో స్టూడియో ఉండేది కదా. నలభై ఏళ్ళు నడిపారు. నేను కాపరానికొచ్చిన కొత్తలో పాస్‌పోర్టు ఫొటోలు మూడు కాపీలు అయిదు రూపాయలు. కాదు కాదు, అయిదు తర్వాత అయింది, ముందు మూడే. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆయన చేతి మీదే. "కాస్త గడ్డం పైకి అమ్మా, కదలకండి, ఆఁ, నవ్వండి" ఇదే మాట నలభై ఏళ్ళు. మరి అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చేశాయి. పెళ్ళిళ్ళకేమో ఆకాశంలో ఎగిరే కెమెరాలు కావాలంటున్నారు. ఒకరోజు ఏమీ చెప్పకుండా షట్టరు దించి, తాళాలు తెచ్చి దేవుడి గూట్లో పెట్టేశారు.

అక్కణ్ణుంచి నాకు మొదలైంది తల్లీ కష్టం. పొద్దస్తమానం ఇంట్లోనే. నేను కూర తరుగుతుంటే పక్కన కూర్చుని, ముక్కలు సమానంగా లేవంటారు. చారు ఎందుకింత పల్చగా ఉందంటారు. నలభై ఏళ్ళుగా అదే చారు తాగుతున్నారు, ఒక్కరోజూ అడగలేదు! దానికి తోడు ఆ మధ్యే గుండెకి స్టెంటు వేశారు. మనిషి లోపల్లోపలే కుంగిపోతున్నారు. నాకు తెలుస్తూనే ఉంది, ఏం చెయ్యాలో మాత్రం తెలిసేది కాదు.

అలా ఉండగా, మా తమ్ముడు సుబ్బారావు జాతరకి రమ్మన్నాడు. కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతర. మా పుట్టిల్లు అటేపే కదా, కైకలూరు దగ్గర. వాడికి అక్కడ చేపల చెరువులున్నాయి. ఒకప్పుడు అవన్నీ మా నాన్నగారి వరిచేలే. నీళ్ళొచ్చి చేను మునిగిన ఏడాదల్లా, "కొల్లేరమ్మ తన చోటు చూసుకోవడానికొచ్చింది" అనేవారు మా నాన్నగారు. ఆ, ఏం చెప్తున్నాను? జాతర. అమ్మవారి దర్శనం అయ్యాక, దారిలోనే కదా అని ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర ఆగాం, పిట్టల్ని చూద్దామని.

అక్కడ గూడబాతు ఒకటి పిల్లకి మేత పెడుతోంది. నువ్వు చూశావా ఎప్పుడైనా? దాని ముక్కు కింద సంచీ ఉంటుంది కదా, పిల్ల తలకాయంతా ఆ సంచీలోకి దూర్చేస్తుంది. మెడ వరకూ! తల్లి గొంతులోంచి తనే తీసుకుని తింటుంది. చూస్తుంటే మింగేస్తుందేమోనని భయమేస్తుంది. తల్లి మాత్రం నోరు తెరుచుకుని అలా ఓపిగ్గా నిలబడింది. ఇటు తిరిగి చూద్దును కదా, మీ తాతయ్య కళ్ళమ్మట నీళ్ళు. నాకు కంగారొచ్చి, "ఏవండీ, గుండెలో నొప్పిగా ఉందా?" అన్నాను. "కాదోయ్, కెమెరా తీసుకురాలేదు" అన్నారు.

ఆ వారంలోనే ఏలూరు వెళ్ళి, ఎవరో వాడి అమ్మేసిన పొడుగాటి లెన్సు ఒకటి కొనుక్కొచ్చారు. డాక్టరుగారేమో ఒంటరిగా తిరగొద్దన్నారు కదా. అందుకని స్కూటరు మీద ఆయన వెనకాల నేను, నా ఒళ్ళో ఆ లెన్సు సంచీ. పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని. గతుకొస్తే "జాగ్రత్త, జాగ్రత్త" అనేవారు. నాకు కాదు, లెన్సుకి!

వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు. తెల్లవారగానే బయల్దేరి గణపవరం మీదుగా వెళ్ళేవాళ్ళం. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. అక్కడ దోనె మాట్లాడుకుని, కిక్కిస గడ్డి పక్కన ఆపించుకుని కూర్చునేవాళ్ళం, గంటలు గంటలు. మొదట్లో ఎంత సణిగానో! "నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకి తిరిగారు, ఒక్క పెళ్ళికీ నన్ను తీసుకెళ్ళలేదు, ఇప్పుడీ బురదలోకి తెచ్చారు" అన్నాను. ఆయన వింటేనా? కెమెరాలో కన్ను పెట్టి, గొంతు తగ్గించి, ఆ పిట్టకి చెప్తున్నారు, "కాస్త గడ్డం పైకి అమ్మా... కదలకండి..." అని. అలవాటు పోలేదు పాపం. దోనె నడిపేవాడు నవ్వాపుకోలేక గడ నీళ్ళలో వదిలేశాడు.

ఆ తర్వాత తర్వాత నాకూ కళ్ళు తెరుచుకున్నాయే. మీ తాతయ్యకి ఒక కంట్లో శుక్లం కదా అప్పటికి. నాకు దూరం చూపు బాగుంటుంది. "ఏవండీ, కుడిపక్కన, గుర్రపుడెక్క ఆకుల మీద" అని నేను చెప్పడం, ఆయన తియ్యడం. ఆ ఏడాది తీసిన వాటిలో సగం నేను చూసినవే, కావాలంటే అడుగు ఆయన్ని. వేసంగిలో నీళ్ళు తగ్గిపోతే బురదలో నడిచాం. వానాకాలం అత్తిలి వైపు చేలల్లో నత్తలు తినే కొంగల కోసం తిరిగాం. పిట్టలు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఏ నెల్లో గూడు కడతాయో, అన్నీ నోటికొచ్చేశాయి. మన గూడెం బజార్లో ఉప్పూపప్పూ బేరమాడుకునే మనిషిని, నేనే ఇవన్నీ చెప్తున్నానా అని నాకే ఆశ్చర్యం. ఇంట్లో చారు పల్చనైనా ఆయన మాట్లాడ్డం మానేశారు, అదొకటి మేలు.

మరి అన్నీ అలాగే జరిగితే బాగుండును. ఆ వానలకి ముందే, ఏప్రిల్లో అనుకుంటా... అవును, మావిడికాయలు తేవడానికి మా తమ్ముడింటికి వెళ్ళిన రోజే. వాడు ఊళ్ళో లేడు. సరే, మన చెరువుల గట్టు మీద ఒకసారి తిరిగొద్దామని వెళ్ళాం. చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సన్నటి నైలాన్ దారాలు కట్టేసి ఉన్నాయి, పిట్టలు దిగకుండా. అవి మన కంటికే ఆనవు, ఎగిరొచ్చే పిట్టకేం ఆనతాయి? గూడబాతు ఒకటి వాటిలో చిక్కుకుని వేలాడుతోంది. రెక్క కోసుకుపోయింది. బతికే ఉంది.

పక్కన టక్ టక్ మని చప్పుడు. ఏంటా అని చూస్తే మీ తాతయ్య ఫొటో తీస్తున్నారు! నాకు పుట్టిందే కోపం! పెళ్ళయ్యాక ఆయన మీద అంత గొంతు పెంచింది అదొక్కసారే. "ఏవండీ, మీకు మనసుందా? ముందు దాన్ని దింపండి!" అన్నాను. కెమెరా గట్టు మీద పడేసి, ప్యాంటుతోనే చెరువులోకి దిగిపోయారు. స్టెంటు వేసిన మనిషి. ఇద్దరం కలిసి దారాలు కోసి, నా పైట చెంగులో చుట్టి, ఆటో ఎక్కించుకుని కైకలూరు పశువులాసుపత్రికి బయల్దేరాం. ఎంత పిట్టనుకున్నావు, నా ఒడి చాల్లేదు. కానీ తూకం లేదే దానికి, అంత పెద్ద పిట్టకి. సగం దారిలోనే నా మోచేతి మీద తల వాల్చేసింది.

ఇంటికొచ్చాక ఆయన రెండు రోజులు కెమెరా ముట్టుకోలేదు. మూడోరోజు నా దగ్గర కూర్చుని, "నువ్వన్నది నిజమే, ముందు దింపాల్సింది" అన్నారు. అంత మాట ఆయన నోటమ్మట రావడం నేను ఎరగను.

అప్పటికే ఏలూరులో ఒక స్కూలు వాళ్ళు ఆయన ఫొటోలు పిల్లల కోసం ప్రదర్శనకి పెడతామని అడిగి ఉన్నారు. ఆయన అన్నీ ఏరుతూ, ఆ ఫొటో బల్ల మీద విడిగా పెట్టారు. వెనకాల మా తమ్ముడి మోటారు షెడ్డు కనిపిస్తోంది, దాని మీద వాడి పేరు కూడా. "ఇది పెట్టాలనే ఉంది నాకు. కానీ నీ పుట్టింటి సంగతి. నువ్వు వద్దంటే పెట్టను" అన్నారు. అలా నా నెత్తిన పెట్టేసి ఊరుకున్నారు. ఎన్నాళ్ళు ఆలోచించానో! వాణ్ణి చంకనేసుకుని పెంచాను తల్లీ, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఆ ఫొటో చూసి ఎవరైనా కేసు పెడితే? పెట్టకపోతే, నా ఒళ్ళో పోయిన ఆ పిట్ట ఏమవ్వాలి?

చివరికి ఫొటో సంచీలో పెట్టుకుని, ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. వాడు చూశాడు. మొహం మాడిపోయింది.

"అక్కా, నీకేం తెలుసు? గుంపులు గుంపులుగా దిగితే చెరువు ఊడ్చేస్తాయి. మేత, మందులు, కరెంటు, అన్నీ నీళ్ళలో పోసి కూర్చున్నాం" అన్నాడు.

"నీ కష్టం నాకు తెలుసురా. కానీ చెరువు నీదని పిట్టకెలా తెలుస్తుంది? మనం చేను దున్నినప్పుడూ వచ్చేవి కదా" అన్నాను.

"బావగారి ఫొటోలకి నా పరువే దొరికిందా?"

"పరువు తియ్యడానికైతే ఫొటో ఏలూరు పోయేది, నీ దగ్గరికి వచ్చేది కాదు. ఆ సన్నదారాలు తీసెయ్యమని అడగడానికొచ్చాను."

వాడు లేచి చెరువుల మీదకి వెళ్ళిపోయాడు. మా మరదలు అన్నానికి లెమ్మంది కానీ, నేను సంచీ తీసుకుని బయటికొచ్చేశాను. పుట్టింటి నుంచి తినకుండా బస్సెక్కడం అదే మొదలు. ఆ తర్వాత ఫోను లేదు, కబురు లేదు. వానలొచ్చాయి, వెళ్ళాయి, అయినా లేదు.

ఫొటో పెట్టామా అంటే, పెట్టాం. నేనే పెట్టమన్నాను. షెడ్డు కనబడకుండా మీ తాతయ్య పక్క కత్తిరించేశారు. పిల్లలంతా మిగతా వాటి దగ్గర ఒకటే గోల, గూడబాతు పిల్ల తల్లి నోట్లో తల దూర్చిన ఫొటో దగ్గరైతే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయారు. ఈ దారాల ఫొటో దగ్గరికొచ్చేసరికి ఆ గోలంతా ఆగిపోయింది. ఇంతలో ఒక పాప, అయిదో తరగతి ఉంటుందేమో, నా చీర పట్టుకుని, "ఎవరండీ దీన్ని చంపింది?" అంది. టీచర్లున్నారు, పేపరువాళ్ళెవరో ఉన్నారు. మీ తాతయ్య నా వంక చూశారు. ఏం చెప్పాలి? ఎవరో అనొచ్చు. నోరు రాలేదే అలా అనడానికి. "మేమేనమ్మా, మా ఇంటి చెరువులోనే పోయింది. తెలీక చేశాం" అన్నాను. ఆ పాప నా మొహం అలా చూసి, వెళ్ళి పక్క ఫొటో దగ్గర నిలబడింది. సిగ్గేసింది. సిగ్గేసినా, గుండె మాత్రం తేలికపడింది.

దీపావళి వెళ్ళిన రెండోరోజు భగినీ హస్త భోజనం కదా. తమ్ముడు అక్క ఇంట్లో అక్క చేతి అన్నం తినాలి. నా పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క ఏడాదీ మానలేదు వాడు, వరదల్లో కూడా. ఆ రోజు పొద్దున్నే లేచి, వస్తాడో రాడో తెలీకుండానే అన్నీ వండాను. పప్పు, వంకాయ కూర, పులుసు, బూరెలు. పన్నెండయింది, ఒంటిగంటయింది. మీ తాతయ్య ఆకలేస్తున్నా మాట్లాడకుండా పేపరు తిరగేస్తున్నారు, చదివిందే చదువుతూ. రెండు కావస్తుంటే గేటు చప్పుడైంది.

వచ్చాడే. కాళ్ళు కడుక్కుని, నా వంక చూడకుండా తిన్నగా వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక, తల వంచుకునే అన్నాడు:

"ఏలూరులో నా పేరు చెప్పలేదంట కదా అక్కా."

"ఎందుకు చెప్తాన్రా?"

"మేమే అన్నావంట."

"మరి? నువ్వూ నేనూ వేరా?"

ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత బావగారితో చెప్తున్నట్టు చెప్పాడు. పెద్ద చెరువుల మీద దారాలు తీయించేశాడంట. చేపపిల్లల చెరువు మాత్రం వదల్లేనన్నాడు, దాని మీద లావుపాటి తాళ్ళు కట్టించి వాటికి రంగుగుడ్డ పీలికలు వేలాడదీయించాడంట, పిట్టలకి దూరం నుంచే కనబడేలా. "దాంతో కొన్ని చేపలు పోతాయి, తప్పదు" అన్నాడు కొంచెం విసుగ్గానే. ఆ విసుగు ఇప్పటికీ పోలేదులే. ఈ మధ్య కూడా "మీ చుట్టాలు దిగారు, వచ్చి తీసుకుపొండి" అని ఫోను చేశాడు. నేనే తీసుకుపోవాలంట, కొన్ని వందల గూడబాతుల్ని!

ఆ రోజు బూరెలు నాలుగు తిన్నాడు. అయిదోది నేనే వేశాను, వద్దనలేదు. మా తాంబూలాలయ్యేసరికి పొద్దు వాలిపోయింది, మీ తాతయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మా ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నారు. కెమెరా అక్కడే ఉంది, ఒక్క ఫొటో తియ్యలేదు. ఎందుకు తియ్యలేదండీ అని అడిగితే, "ముందు చూసుకోనీవోయ్" అన్నారు.

అంతేనమ్మా. పెద్ద కథేం కాదు. నువ్వూ కెమెరా పట్టుకుని తిరుగుతానంటున్నావు కదా, తిరుగు, మీ అమ్మతో నేను చెప్తాను. చల్లగా ఉండు. చూసింది చూసినట్టు చెప్పగలగాలి నువ్వు. చెప్పాక కూడా నీ వాళ్ళు నీ ఇంటికొచ్చి, నీ చేతి అన్నం తినాలి తల్లీ. ఆ రెండూ నీకు ఉండాలి.